వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే భారీ గ్రహాల వాతావరణాన్ని అధ్యయనం చేయడం ఎలా: అనంతపురం మిద్దె మీద నుంచి మొదలుపెట్టే వారికి సమగ్ర మార్గదర్శి

వాస్ప్-39 బీ అనే గ్రహాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు. సుమారు 700 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ గ్రహం ఎంత శక్తిమంతమైన దూరదర్శినికైనా తన నక్షత్రంతో కలిసిపోయిన ఒకే చుక్కగానే కనిపిస్తుంది. అయినా దాని గాలిలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ ఉన్నాయని ఈనాడు ధైర్యంగా చెప్పగలుగుతున్నాం. ఆ మాటకు ఉన్న ఆధారం ఒక్కటే: నాలుగు రోజులకు ఒకసారి ఆ చుక్క వెలుగు కొద్దిగా తగ్గుతుంది, ఆ తగ్గుదల ఒక్కో రంగులో ఒక్కో రకంగా ఉంటుంది.

ఈ వ్యాసం అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో భౌతికశాస్త్రం డిగ్రీ, పీజీ చదువుతున్న విద్యార్థులను, సొంత ఆసక్తితో ఈ పనికి దిగాలనుకునే వారిని దృష్టిలో పెట్టుకొని రాసినది. పెద్ద దూరదర్శిని అవసరం లేదు. జేమ్స్ వెబ్, హబుల్ దూరదర్శినులు సేకరించిన సమాచారంలో అత్యధిక భాగం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మొదటి నుంచి చివరి వరకు ఒక జాగ్రత్తను మరవకూడదు: వెలుగులో మీకు కనిపించిన మార్పు గ్రహానిది కావచ్చు, నక్షత్రానిది కావచ్చు, పరికరానిది కావచ్చు, మీరు రాసిన లెక్కదీ కావచ్చు. మిగతా ముగ్గురినీ విచారించి వదిలిపెట్టిన తరువాతే గ్రహం పేరు ఎత్తాలి. కింద చెప్పిన మెట్లన్నీ ఆ విచారణ క్రమంలోనే ఉన్నాయి.

సిద్ధం చేసుకోవలసినవి

పైథాన్ భాషలో ఒక పట్టికను చదివి గ్రాఫు గీయగలిగినంత పరిచయం, డిగ్రీ స్థాయి కలనగణితం, సంభావ్యతలో ప్రాథమిక జ్ఞానం ఉంటే మొదలుపెట్టవచ్చు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ తొలి మెట్లకు సరిపోతుంది, చివర్లో వచ్చే నమూనాల పనికి 16 జీబీ ఉంటే నయం. ముడి సమాచారం పదుల గిగాబైట్లలో ఉంటుంది కనుక, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచి మళ్ళీ కొనసాగే విధంగా డౌన్‌లోడ్ పెట్టుకోవాలి. రాత్రి పడుకునే ముందు పెట్టి తెల్లవారి చూసుకోవడం మా ఇంట్లో స్థిరపడిన పద్ధతి.

మొదటి మెట్టు: మిద్దె మీద ఒక రాత్రి

దీన్ని దాటవేసి నేరుగా కంప్యూటర్ ముందు కూర్చోవచ్చు. కానీ ఒక్కసారైనా ట్రాన్సిట్‌ను, అంటే గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా వెళ్ళడాన్ని, స్వయంగా నమోదు చేసినవారికి తరువాతి మెట్లు కాగితం మీది మాటలుగా మిగలవు. అందుకు హెచ్‌డీ 189733 మంచి నక్షత్రం. వల్పెక్యులా రాశిలో, డంబెల్ నీహారికకు పక్కనే, సుమారు 7.7 ప్రకాశ పరిమాణంతో ఉంటుంది. 2005లో కనుగొన్న దాని గ్రహం 2 రోజుల 5 గంటల 15 నిమిషాలకు ఒకసారి చుట్టి వస్తుంది. అడ్డుగా వచ్చినప్పుడు నక్షత్ర కాంతిలో 2.4 శాతం తగ్గుతుంది, ఆ తగ్గుదల దాదాపు 1 గంట 50 నిమిషాలు ఉంటుంది.

అనంతపురం అక్షాంశం దాదాపు 14.7 డిగ్రీలు, ఈ నక్షత్రం దిక్పాతం, అంటే ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగా ఉన్న కోణదూరం, దాదాపు 22.7 డిగ్రీలు. కాబట్టి మనకు అది నడినెత్తికి ఎనిమిది డిగ్రీల దూరంలోనే దాటుతుంది. ఏప్రిల్, మే నెలల్లో, ఎటూ మనం మిద్దె మీదే పడుకునే రోజుల్లో, తెల్లవారుజామున అది బాగా పైకి వచ్చి ఉంటుంది. నక్షత్రాన్ని అనుసరించి తిరిగే మౌంటు, దాని మీద చిన్న దూరదర్శిని గానీ టెలిఫోటో లెన్సు బిగించిన డీఎస్ఎల్ఆర్ కెమెరా గానీ చాలు. ఫోకస్‌ను కావాలనే కొంచెం చెదరగొట్టి, నక్షత్రం బొమ్మ ఎక్కువ పిక్సెళ్ళ మీద పరుచుకునేలా చేయాలి. ట్రాన్సిట్‌కు గంట ముందు మొదలుపెట్టి, ముగిసిన గంట తరువాత ఆపాలి. ప్రతి ఫోటోలోనూ మన నక్షత్రపు కాంతిని అదే చట్రంలో ఉన్న మరో రెండు మూడు నక్షత్రాల కాంతితో భాగిస్తే, మన గాలి వల్ల, దుమ్ము వల్ల కలిగే మార్పులు చాలావరకు కొట్టుకుపోతాయి.

చాలావరకే గానీ పూర్తిగా కాదు. మొదటిసారి నేను సంబరపడిన తగ్గుదల గ్రహానిది కానే కాదు. లెక్క ప్రకారం రావలసిన సమయానికి 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చినప్పుడే నాకు అనుమానం రావలసింది. మౌంటు సరిగ్గా అమర్చకపోవడం వల్ల చట్రం మెల్లగా జరిగి, మా నక్షత్రం లెన్సు మసకగా ఉండే అంచుకు చేరిందని మరునాడు మధ్యాహ్నం ఫోటోలను ఒకదాని తరువాత ఒకటి తిప్పి చూసినప్పుడు తెలిసింది. ఆకాశంలో గ్రహం అప్పటికే వచ్చి వెళ్ళిపోయింది.

రెండవ మెట్టు: గ్రహాన్ని ఎంచుకోవడం

నాసా ఎక్సోప్లానెట్ ఆర్కైవ్‌లో ధ్రువీకరించిన గ్రహాల పట్టిక ఉంటుంది. అందులో ద్రవ్యరాశి, వ్యాసార్ధం, ఉష్ణోగ్రత, నక్షత్ర వ్యాసార్ధం అనే నాలుగు అంకెలు తీసుకొని ప్రతి గ్రహానికీ స్కేల్ హైట్ లెక్కించాలి. పైకి వెళ్ళే కొద్దీ గాలి పీడనం 2.7 రెట్లు తగ్గడానికి ఎంత ఎత్తు ఎక్కాలో అదే స్కేల్ హైట్. బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకాన్ని ఉష్ణోగ్రతతో గుణించి, ఆ ఫలితాన్ని గాలి అణువుల సగటు ద్రవ్యరాశి, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగిస్తే అది వస్తుంది. భూమికి ఇది సుమారు 8.5 కిలోమీటర్లు.

ఇప్పుడు వాస్ప్-39 బీని తీసుకుందాం. ద్రవ్యరాశి గురుగ్రహంలో 0.28 వంతు, వ్యాసార్ధం 1.27 రెట్లు. అంటే గురువు కంటే పెద్దదే గానీ బరువులో మూడో వంతు కూడా లేదు, పత్తి మూటలాంటి గ్రహం. గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 4.3 మీటర్లు మాత్రమే. ఉష్ణోగ్రత దాదాపు 1170 కెల్విన్లు. హైడ్రోజన్, హీలియం కలిసిన గాలి కనుక సగటు అణుభారం 2.3గా తీసుకోవచ్చు. లెక్క వేస్తే స్కేల్ హైట్ సుమారు 980 కిలోమీటర్లు వస్తుంది. అదే పద్ధతిలో హెచ్‌డీ 189733 బీకి చూస్తే, ఉష్ణోగ్రత ఇంచుమించు అంతే అయినా గురుత్వం ఐదు రెట్లు కనుక, 200 కిలోమీటర్లే వస్తుంది.

ఈ ఎత్తు వెలుగులో ఎంత తేడా తెస్తుందో తెలియాలంటే, గ్రహ వ్యాసార్ధాన్ని స్కేల్ హైట్‌తో గుణించి, రెట్టింపు చేసి, నక్షత్ర వ్యాసార్ధపు వర్గంతో భాగించాలి. వాస్ప్-39 బీకి ఇది పది లక్షలకు దాదాపు 450 వంతులు, హెచ్‌డీ 189733 బీకి దాదాపు 110 వంతులు. నిజమైన వర్ణపటంలో ఒక బలమైన అణువు కొన్ని స్కేల్ హైట్ల మేరకు అడ్డుపడుతుంది. అంటే మొత్తం తగ్గుదల రెండు శాతం అయితే, మనం వెతికే వాతావరణపు జాడ అందులో పదో వంతు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటుంది. ఎంపికకు సూత్రం ఇక్కడే దొరికింది: గ్రహం వేడిగా, తేలికగా, ఉబ్బి ఉండాలి, నక్షత్రం చిన్నదిగా, మనకు ప్రకాశవంతంగా, వీలైతే ప్రశాంతంగా ఉండాలి.

పేరు చూసి గ్రహాన్ని ఎంచుకోవద్దు. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం కార్యక్రమంలో భారతదేశం హెచ్‌డీ 86081 అనే నక్షత్రానికి బిభా అని, దాని భారీ గ్రహానికి సంతమస అని పేర్లు పెట్టింది. మబ్బు కమ్మినది అనే అర్థంలో, దాని వాతావరణాన్ని ఉద్దేశించి ఆ పేరు పెట్టారు. మన నిఘంటువుల్లో సంతమసం అంటే దట్టమైన చీకటి. మా విద్యార్థులు ప్రతి ఏడాదీ ముచ్చటపడి అడిగేది ఆ గ్రహమే. కానీ దానికి ట్రాన్సిట్ నమోదు కాలేదు కనుక ఈ పద్ధతికి అది లొంగదు, మనకు సంబంధించినంత వరకు చీకటే.

మూడవ మెట్టు: ఏ దారిలో చూడాలో తేల్చుకోవడం

గ్రహం నక్షత్రానికి అడ్డుగా వచ్చినప్పుడు, నక్షత్ర కాంతిలో స్వల్ప భాగం గ్రహం అంచున ఉన్న గాలిని ఏటవాలుగా చీల్చుకుంటూ మన వైపు వస్తుంది. తుంగభద్ర ఒడ్డున అస్తమించే సూర్యుణ్ణి చూసినప్పుడు, మధ్యాహ్నం కంటే ఎన్నో రెట్లు పొడవైన గాలి పొరను దాటివచ్చిన కాంతి మనకు ఎర్రగా కనబడుతుంది కదా, జ్యామితి అదే. దారి పొడవు ఎక్కువ కనుక కొద్దిపాటి అణువులు కూడా తమ జాడ వదులుతాయి, అదే కారణంగా కొద్దిపాటి దుమ్ము కూడా అంతా కప్పేస్తుంది. మొదటి పనికి ఈ ట్రాన్సిట్ దారే మంచిది.

గ్రహం నక్షత్రం చాటుకు వెళ్ళినప్పుడు తగ్గే వెలుగును కొలిస్తే గ్రహపు పగటి వైపు వేడి తెలుస్తుంది. స్పిట్జర్ దూరదర్శినితో 2005లో ఇది మొదటిసారి సాధ్యమైంది. ఒక పూర్తి ప్రదక్షిణ పొడవునా కొలిస్తే పగలు, రాత్రి రెండింటి ఉష్ణోగ్రతలూ వస్తాయి. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం వాస్ప్-43 బీ పగటి వైపు సుమారు 1250 డిగ్రీల సెల్సియస్, రాత్రి వైపు 600 డిగ్రీలు. హెచ్‌డీ 189733 బీలో అత్యంత వేడి ప్రదేశం నక్షత్రానికి సూటిగా లేదనీ, గాలులు దాన్ని తూర్పు వైపుకు నెట్టాయనీ 2007లోనే గుర్తించారు. మన ఊళ్ళో ఎండ తీవ్రత పన్నెండింటికి కాక రెండున్నర, మూడు గంటలకు తెలిసినట్టు ఉంటుంది గానీ, కారణం మాత్రం వేరు.

అత్యంత సూక్ష్మంగా రంగులను విడదీసే నేలమీది స్పెక్ట్రోగ్రాఫుల దారి, హెచ్ఆర్ 8799 చుట్టూ ఉన్న నాలుగు గ్రహాల వంటి వాటిని నేరుగా ఫోటో తీసే దారి కూడా ఉన్నాయి. అవి వేరే నైపుణ్యాలు. ఇక్కడ ఒక్క మాట మాత్రం చెప్పాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ మన గుంటూరుకు వచ్చి సూర్యజ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. ఆ గ్రహణంతో ఊపందుకున్న పరిశీలనలే హీలియం గుర్తింపుకు దారి తీశాయి. సరిగ్గా 150 ఏళ్ళకు, 2018లో, అదే హీలియం జాడను వాస్ప్-107 బీ అనే గ్రహం నుంచి తప్పించుకుపోతున్న గాలిలో మొదటిసారి పట్టుకున్నారు.

నాలుగవ మెట్టు: సమాచారం దించుకోవడం

అమెరికాలోని బాల్టిమోర్‌లో ఉన్న స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే మాస్ట్ అనే భాండాగారంలోకి వెళ్ళి, జేమ్స్ వెబ్ కార్యక్రమం సంఖ్య 1366 అని వెతకాలి. వాస్ప్-39 బీని అందరి ఉపయోగం కోసం ముందుగా పరిశీలించిన కార్యక్రమం అది. నిర్‌స్పెక్ పరికరంలోని ప్రిజమ్ అమరికతో 2022 జులై 10న ఎనిమిది గంటలకు పైగా చేసిన పరిశీలనను ఎంచుకోండి. ఒకే ట్రాన్సిట్‌లో 0.6 నుంచి 5.3 మైక్రాన్ల దాకా మొత్తం పరిధి అందులో దొరుకుతుంది.

ఫైళ్ళు అనేక దశల్లో ఉంటాయి. అన్‌క్యాల్ అనేవి డిటెక్టర్ నుంచి వచ్చిన పచ్చి అంకెలు. రేట్‌ఇంట్స్ అనేవి ప్రతి పిక్సెల్‌లో సెకనుకు ఎంత సంకేతం పోగయ్యిందో లెక్కకట్టినవి. ఎక్స్1డీఇంట్స్ అనేవి వర్ణపటాలుగా మార్చి సిద్ధంగా ఉంచినవి. మొదటిసారి చేసేవారు మధ్య దశ అయిన రేట్‌ఇంట్స్ నుంచి మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. అంతా వండి పెట్టిన ఫైలును తీసుకుంటే పరికరం చేసే అల్లరి కంటికి కనబడదు, పచ్చి అంకెల నుంచి మొదలుపెడితే నెల రోజులు అక్కడే గడిచిపోతాయి.

అయిదవ మెట్టు: చిత్రాల నుంచి కాంతి కొలతలు రాబట్టడం

ఫైలు తెరిస్తే ప్రతి చట్రంలోనూ ఒక సన్నని ప్రకాశవంతమైన చార కనిపిస్తుంది. అడ్డంగా తరంగదైర్ఘ్యం మారుతుంది, నిలువుగా చార మందం ఉంటుంది. ముందుగా కాస్మిక్ కిరణాలు తగిలిన పిక్సెళ్ళను, చెడిపోయిన పిక్సెళ్ళను పక్కన పెట్టాలి. ఒకే పిక్సెల్ విలువను కాలక్రమంలో గీసి, మిగతా విలువల నుంచి ఐదు ప్రామాణిక విచలనాలకు మించి ఎగిరిన బిందువులను తొలగించడం సులభమైన మార్గం.

తరువాత నేపథ్య కాంతి. చారకు పైన, కింద ఉన్న ఖాళీ పిక్సెళ్ళ మధ్యమ విలువను ప్రతి నిలువు వరుసకూ విడిగా తీసివేయాలి. నిర్‌స్పెక్ డిటెక్టర్‌ను చదివే పద్ధతి వల్ల వచ్చే ఒక రకమైన నాయిస్ ఒక్కో వరుసలో ఒక్కో రకంగా ఉంటుంది, మొత్తం చట్రానికి ఒకే విలువ తీసివేస్తే అది అలాగే మిగిలిపోయి చివర్లో అణువుల జాడలాగా నటిస్తుంది. ఇక్కడ తొందరపడినవారు తొమ్మిదో మెట్టులో దానికి ఒక గ్యాసు పేరు పెట్టుకుంటారు.

ఆపై చార వెంబడి నిర్ణీత వెడల్పులో పిక్సెళ్ళను కూడితే ప్రతి తరంగదైర్ఘ్యానికీ, ప్రతి క్షణానికీ ఒక కాంతి విలువ వస్తుంది. వెడల్పును నాలుగైదు రకాలుగా మార్చి చూసి, ట్రాన్సిట్‌కు బయటి భాగంలో చెదురు అతి తక్కువగా ఉన్న వెడల్పును ఉంచుకోవాలి. ఈ నక్షత్రం ప్రిజమ్‌కు కొంచెం ఎక్కువ ప్రకాశవంతమే కావడంతో, పొట్టి తరంగదైర్ఘ్యాల వైపు ఒక భాగంలో డిటెక్టర్ నిండిపోయింది. ఆ భాగాన్ని తొలి ప్రయత్నంలో వదిలేసి 3 మైక్రాన్లకు పైనున్న భాగంతో పని చేయండి. కార్బన్ డయాక్సైడ్‌ను కనుగొన్న బృందం చేసింది కూడా అదే. ఈ పనులన్నీ చేసిపెట్టే యురేకా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒకసారి చేత్తో చేసిన తరువాత దాన్ని వాడుకోవడంలో తప్పు లేదు.

ఆరవ మెట్టు: అన్ని రంగులూ కలిపిన కాంతి రేఖ

అన్ని తరంగదైర్ఘ్యాలనూ కూడి కాలానికి ఎదురుగా గీస్తే, చదునైన రేఖ మధ్యలో గిన్నెలాంటి పల్లం కనబడుతుంది. ఆ పల్లం అడుగు పూర్తిగా చదునుగా ఉండదు. నక్షత్రం మధ్యభాగం కంటే అంచులు మసకగా ఉండడమే కారణం. దీన్ని బ్యాట్‌మ్యాన్ అనే పైథాన్ ప్యాకేజీతో లెక్కకట్టవచ్చు, లారా క్రీడ్‌బర్గ్ 2015లో దాన్ని అందుబాటులోకి తెచ్చారు. గ్రహ, నక్షత్ర వ్యాసార్ధాల నిష్పత్తి, కక్ష్య వ్యాసార్ధం, కక్ష్య వాలు, ట్రాన్సిట్ మధ్య సమయం, అంచు మసకను తెలిపే రెండు గుణకాలు, పరికరపు నెమ్మది జారుడును తెలిపే ఒక సరళరేఖ ఇందులో తేల్చవలసిన తెలియని రాశులు. ఎంసీ అనే ప్యాకేజీతో వీటికి విలువలే కాక, ఎంత అనిశ్చితి ఉందో కూడా రాబట్టవచ్చు.

సమయం దగ్గర జాగ్రత్త. జేమ్స్ వెబ్ ఫైళ్ళ కాలపట్టికలో నిలువు వరుస పేరు బీజేడీ, అంటే రోజులను వరుసగా లెక్కించే జూలియన్ తేదీ, అని ఉంటుంది, కానీ అందులోని అంకెలు 2400000.5 తీసివేసిన రూపంలో ఉంటాయి. నేను మొదటిసారి 2400000 మాత్రమే కలిపాను. సగం రోజు పక్కకు జరిగిన అంచనాతో నా నమూనా ట్రాన్సిట్ లేని చోట ట్రాన్సిట్‌ను వెతుకుతూ మూడు రోజులు తిరిగింది. పైగా ఈ సమయం సౌరకుటుంబ ద్రవ్యకేంద్రం దగ్గర లెక్కించినది కనుక, మన గడియారం సమయంతో పోలిస్తే ఎనిమిది నిమిషాలకు పైగా తేడా రావచ్చు. మిద్దె మీది పరిశీలనను ప్రచురిత అంచనాతో పోల్చేటప్పుడు భారత కాలమానంలోని ఐదున్నర గంటలతో పాటు దీన్ని కూడా చూసుకోవాలి.

నమూనాను కొలతల నుంచి తీసివేయగా మిగిలిన శేషాలను తప్పక గీయండి. వాటిని పదేసి, వందేసి చొప్పున కలిపి సగటు తీసినప్పుడు, చెదురు ఆ సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతూ పోవాలి. తగ్గడం ఆగిపోయిందంటే లెక్కకు చిక్కనిది ఏదో మిగిలి ఉందని అర్థం. ఇది పట్టించుకోనందువల్ల ఏం జరుగుతుందో హెచ్‌డీ 209458 బీ చరిత్ర చెబుతుంది. స్పిట్జర్ కొలతల ఆధారంగా ఆ గ్రహంలో పైకి వెళ్ళే కొద్దీ వేడి పెరిగే పొర ఉందని 2008లో తేల్చారు. దాని మీద ఎన్నో సిద్ధాంతాలు పేరుకున్నాయి. 2014లో మెరుగైన పరిశీలనలతో, పరికరపు ప్రభావాలను మరింత జాగ్రత్తగా తొలగించి చూస్తే అలాంటి పొరకు ఆధారమే కనబడలేదు.

ఏడవ మెట్టు: రంగు రంగుకూ విడిగా

ఇప్పుడు కొలతలను చిన్న చిన్న తరంగదైర్ఘ్య భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగానికీ అదే నమూనాను అమర్చాలి. సమయం, కక్ష్య వాలు, కక్ష్య పరిమాణం రంగును బట్టి మారవు కనుక వాటిని ఆరో మెట్టులో వచ్చిన విలువల దగ్గరే బిగించి, వ్యాసార్ధాల నిష్పత్తినీ అంచు మసకనూ పరికరపు జారుడునూ మాత్రమే వదిలిపెట్టాలి. నిష్పత్తి వర్గాన్ని తరంగదైర్ఘ్యానికి ఎదురుగా గీస్తే వచ్చేదే గ్రహ వాతావరణపు వర్ణపటం. అన్నీ సరిగ్గా జరిగితే 4.3 మైక్రాన్ల దగ్గర ఒక స్పష్టమైన గుట్ట లేస్తుంది. అది కార్బన్ డయాక్సైడ్. 2022 ఆగస్టులో ప్రకటించినప్పుడు దాని బలం 26 ప్రామాణిక విచలనాలు. మా గదిలో ఒక అమ్మాయి తెర మీద ఆ గుట్ట లేచినప్పుడు, ఆమె మొదట చేసిన పని ప్రోగ్రామును మూసి మళ్ళీ మొదటి నుంచి నడపడం. నాకు ఆ పద్ధతి నచ్చింది.

ఎనిమిదవ మెట్టు: నక్షత్రాన్ని విచారించడం

ఎక్కువ మంది దాటవేసేది ఈ మెట్టే. మన లెక్కంతా నక్షత్ర బింబం ఒకే తీరుగా వెలుగుతుందనే నమ్మకం మీద నడుస్తుంది. నక్షత్రం మీద గ్రహం దాటని చోట మచ్చలుంటే, గ్రహం దాటిన చోటు సగటు కంటే ఎక్కువ ప్రకాశవంతమై తగ్గుదల పెద్దదిగా కనిపిస్తుంది. మచ్చలు చల్లగా ఉంటాయి కనుక ఆ తేడా నీలి వైపు ఎక్కువగా, ఎరుపు వైపు తక్కువగా ఉంటుంది. హెచ్‌డీ 189733 బీ వర్ణపటంలో నీలి వైపుకు లేచే ఏటవాలును గ్రహ వాతావరణంలోని సన్నని మసకకు ఆపాదించారు. ఆ నక్షత్రం మచ్చలతో నిండిన చురుకైనది కనుక, ఏటవాలులో కొంత గానీ మొత్తం గానీ మచ్చలదే కావచ్చని 2014లో మరో బృందం వాదించింది. పత్రికల్లో తరచూ కనబడే గాజు వర్షం కథ ఈ గ్రహానిదే. సిలికేటు రేణువుల మేఘాలు ఉండవచ్చన్న ఊహకు తొడిగిన రంగు అది, వర్షాన్ని కొలిచినవారు లేరు.

ఇంతకంటే లోతైన పాఠం సోడియం కథలో ఉంది. సౌరేతర గ్రహ వాతావరణపు తొలి ఆచూకీగా ప్రతి పాఠంలోనూ చెప్పేది హెచ్‌డీ 209458 బీలోని సోడియం గురించే. సారా సీగర్, దిమితార్ సాసెలోవ్ 2000లో ఇది సాధ్యమని అంచనా వేశారు, డేవిడ్ షార్బొనో బృందం హబుల్‌తో చేసిన కొలత 2002లో ప్రచురితమైంది. దాదాపు రెండు దశాబ్దాల తరువాత, 2020లో, రంగులను ఎంతో సూక్ష్మంగా విడదీసే నేలమీది పరికరాలతో చూసిన కసాసయాస్-బారిస్ బృందం వేరే మాట చెప్పింది. నక్షత్రం తన చుట్టూ తాను తిరుగుతుంది, అంచు నుంచి వచ్చే సోడియం గీత ఆకారం మధ్య నుంచి వచ్చే గీత ఆకారంలా ఉండదు. గ్రహం ఒక్కో చోటును కప్పుతూ వెళ్ళినప్పుడు మొత్తం గీత ఆకారమే మారి, గ్రహంలో సోడియం లేకపోయినా ఉన్నట్టు కనబడుతుంది. తమ కొలతల్లోని సోడియం జాడను నక్షత్రం ఒక్కటే వివరించగలదని వారు చూపించారు. అందువల్ల హబుల్ కొలత కొట్టుకుపోయిందని కాదు, ఆ విషయంపై తరువాత కూడా వాదాలు సాగాయి. ఇరవై ఏళ్ళ పాటు అందరూ ఉదహరించిన ఫలితాన్ని కూడా నక్షత్రం వైపు నుంచి మళ్ళీ విచారించవలసి వచ్చిందన్నదే మనం గుర్తుంచుకోవలసింది.

ఆచరణలో చేయవలసింది ఇది. నక్షత్రం ఎన్ని రోజులకు ఒకసారి ఎంత మేరకు మిణుకుతుందో టెస్ ఉపగ్రహపు కొలతల్లో చూడాలి. ట్రాన్సిట్ పల్లం అడుగున చిన్న గడ్డలు ఉన్నాయేమో వెతకాలి, గ్రహం మచ్చను దాటిన గుర్తులవి. చివరగా, మచ్చలు ఉన్నాయని ఒకసారి, లేవని మరొకసారి అనుకొని నమూనా నడిపి, గ్రహం గురించి వచ్చే సమాధానం మారుతుందా అని పరీక్షించాలి.

తొమ్మిదవ మెట్టు: వర్ణపటం నుంచి వాతావరణానికి

ఉష్ణోగ్రత, అణువుల మోతాదులు, మేఘాల ఎత్తు వంటివి ఊహించుకొని వర్ణపటాన్ని తయారుచేసి, కొలతతో పోల్చి, లక్షల సార్లు సవరిస్తూ ఏ కలయికలు సరిపోతాయో తేల్చే పద్ధతిని రిట్రీవల్ అంటారు. సౌరేతర గ్రహాలకు దీన్ని 2009లో మొదట క్రమబద్ధంగా అమలుచేసినవారు నిక్కు మధుసూదన్, సారా సీగర్. మనం వాడుకోదగిన ఉచిత సాఫ్ట్‌వేర్లలో పెటిట్‌రాడ్‌ట్రాన్స్ ఒకటి. అణువులు ఏయే తరంగదైర్ఘ్యాల దగ్గర ఎంత కాంతిని పీల్చుకుంటాయో తెలిపే పట్టికలు ఎక్సోమోల్, హైట్రాన్ అనే సంకలనాల నుంచి వస్తాయి. గది ఉష్ణోగ్రతకు తయారైన పట్టికను వెయ్యి డిగ్రీల గ్రహానికి వాడకూడదు, వేడి గాలిలో అదనంగా తోడయ్యే లక్షల గీతలు అందులో ఉండవు.

నాలుగైదు అణువులు, ఒకే ఉష్ణోగ్రత, అన్ని రంగులనూ సమానంగా అడ్డుకునే ఒక బూడిద రంగు మేఘం, ఒక ప్రామాణిక పీడనం దగ్గర వ్యాసార్ధం, ఇంతటితో మొదలుపెట్టండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మేఘం పైకి లేస్తే అణువుల గుట్టలు కుంచించుకుపోతాయి, అణువుల మోతాదు తగ్గినా గుట్టలు కుంచించుకుపోతాయి. కొలత ఒక్కటే, వివరణలు రెండు. అందువల్ల నీరు ఎంత ఉందని ఒకే అంకె చెప్పే ఫలితాన్ని నేను నమ్మను. ఆ అంకెకూ మేఘం ఎత్తుకూ మధ్య ఉన్న సంబంధాన్ని గీసి చూపిన ఫలితాన్ని నమ్ముతాను. రెండు వేర్వేరు పరికరాల వర్ణపటాలను కలిపేటప్పుడు వాటి మధ్య చిన్న ఎత్తు తేడాను కూడా తెలియని రాశిగా వదలాలి, లేకపోతే అతుకు దగ్గరి మెట్టునే నమూనా ఒక అణువుగా చదువుకుంటుంది.

పదవ మెట్టు: ఏమి చెప్పవచ్చో, ఏమి చెప్పకూడదో

మీ వర్ణపటంలో 4.3 మైక్రాన్ల గుట్టకు ఎడమ పక్కన, 4.05 మైక్రాన్ల దగ్గర మరో చిన్న బొడిపె కనబడుతుంది. 2022 ఆగస్టులో కార్బన్ డయాక్సైడ్‌ను ప్రకటించిన పత్రంలో కూడా అది ఉంది. రచయితలు దాన్ని గుర్తించారు గానీ పేరు పెట్టలేదు. తరువాత షాంగ్-మిన్ త్సాయ్ బృందం రసాయన నమూనాలతో దానికి వివరణ ఇచ్చింది. నక్షత్రపు అతినీలలోహిత కాంతి నీటి అణువులను ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలు హైడ్రోజన్ సల్ఫైడ్‌లోని గంధకంతో వరుస చర్యలు జరిపి సల్ఫర్ డయాక్సైడ్‌గా మారుతాయి. సౌరేతర గ్రహంలో కాంతి రసాయన చర్యకు దొరికిన తొలి ఆధారం అదే. ఆగస్టులోనే తొందరపడి నమూనాలో ఉన్న అణువుల్లో దగ్గరగా సరిపోయినదాన్ని అంటించి ఉంటే ఏ పేరైనా పడేది.

కాబట్టి మీ నివేదికలో మూడు వర్గాలను విడివిడిగా రాయండి: ఏ పద్ధతిలో చేసినా నిలిచినవి, ఒక పద్ధతిలో మాత్రమే కనబడినవి, ఉన్నాయి గానీ ఏమిటో తేలనివి. మూడో వర్గం ఖాళీగా ఉన్న నివేదిక నా చేతికి వస్తే నేను ముందుగా శేషాల గ్రాఫు అడుగుతాను.

ఆ తరువాత అదే గ్రహాన్ని అదే కార్యక్రమంలో నిర్‌స్పెక్‌లోని మరో అమరిక, జీ395హెచ్, 2.9 నుంచి 5.1 మైక్రాన్ల వరకు మరింత సూక్ష్మంగా చూసిన సమాచారం తీసుకొని, అయిదో మెట్టు నుంచి మళ్ళీ చేయండి. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని ఒకే గ్రాఫు మీద గీయండి. గుట్టల ఆకారం కలవకుండా ఒక వర్ణపటం రెండో దానికంటే పక్కకు ఒరిగి ఉంటే, నమూనాలతో సరిదిద్దే ప్రయత్నం చేయకుండా వెనక్కి వెళ్ళి నేపథ్య కాంతిని ఏ వరుసల నుంచి తీసివేశారో చూడండి. మా దగ్గర చేసినవారిలో ఎక్కువ మందికి తేడా అక్కడే దొరికింది.